వీధి కుక్కపిల్లను చేరదీయువారికి

వానకాలపు సాయంకాలము. బడి విడిచి ఇంటికి పోవుచున్న పిల్లలకు పంచాయతీ కార్యాలయపు అరుగు క్రింద కుక్కపిల్ల యొకటి కనబడును. అది ఒడలెల్ల తడిసి, చలికి వణకుచు, సన్నగా మూలుగుచుండును. పిల్లలలో ఒకతె దానిని పుస్తకముల సంచి ప్రక్కన అదుముకొని ఇంటికి తెచ్చును. తల్లి గడపలోనే అడ్డగించి, "ఎక్కడిదో ఏమో, కరచినచో ఎవరు దిక్కు? తీసికొనిపోయి అక్కడనే విడిచి రమ్ము" అనును. "అమ్మా, విడిచినచో ఇది చచ్చిపోవును గదా" అని కూతురు కన్నీరు పెట్టుకొనును.

ఇట్టి సన్నివేశము మన ఊళ్లలో అరుదైనది కాదు. ఇందు తల్లి మాటయు నిజమే, బిడ్డ మాటయు నిజమే. తల్లి భయమునకు కారణము రేబీస్ అను ప్రాణాంతక వ్యాధి. బిడ్డ దుఃఖమునకు కారణము మనుష్యులకు సహజమైన దయ. భయమొక్కటే ఉన్నచో దిక్కులేని ప్రాణి వీధిలో నశించును. దయ యొక్కటే ఉన్నచో ఇంటికి ముప్పు రావచ్చును. ఈ రెండింటిని కలుపు మార్గము కలదు. దానిని తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మహాభారతము ఆదిపర్వారంభమున సరమ కథ కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవశునియగు సరమ కొడుకు సారమేయుడు ఆ యాగశాలకు ఆడుకొనుచు వచ్చెను. ఏ తప్పును చేయని ఆ పిల్లను రాజు తమ్ములు కొట్టిరి. సరమ వచ్చి రాజునే నిలదీసి, నిరపరాధులైన సాధుప్రాణులకు కీడు చేయువారికి అనుకొనని భయములు వచ్చునని చెప్పి పోయెను. నన్నయభట్టు తెలుగున చెప్పిన తొలి కథలలో ఇది యొకటి. వీధిలోని మూగప్రాణి గోడును వినుట మనకు క్రొత్త ధర్మము కాదు. ఆ ధర్మమును నేటి వైద్యశాస్త్రము తెలిపిన జాగ్రత్తలతో నెరవేర్చుటయే క్రొత్త.

రేబీస్ యననేమి?

రేబీస్ ఒక సూక్ష్మాతిసూక్ష్మమైన క్రిమి వలన, అనగా వైరస్ వలన కలుగు వ్యాధి. వ్యాధి సోకిన జంతువు చొంగలో ఈ క్రిమి ఉండును. ఆ జంతువు కరచినను, రక్కినను, మన ఒంటిపై నున్న పుండును నాకినను క్రిమి లోనికి ప్రవేశించును. పిదప అది నరముల వెంట మెల్లగా ప్రాకి మెదడును చేరును. సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలలో వ్యాధి లక్షణములు బయటపడును. కొందరికి అంతకంటె త్వరగాను, కొందరికి ఏడాది దాటిన పిమ్మటను బయటపడవచ్చును. నీటిని చూచిన గొంతు బిగిసికొనుట దాని ముఖ్య లక్షణము. అందువలననే దీనికి జలభీతి యను పేరు వచ్చినది. లక్షణములు కనబడిన పిమ్మట రోగి బ్రతుకుట దాదాపు అసాధ్యము. కాని కాటు పడిన వెంటనే తగిన చికిత్స జరిగినచో ఈ వ్యాధి రాకుండ నివారింపవచ్చును. ఇంత భయంకరమైనదై యుండియు ఇంత చక్కగా నివారింపదగిన వ్యాధి మరియొకటి అరుదు.

ప్రపంచములో ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధి వలన మరణించుచున్నారని అంచనా. మనుష్యులకు సోకు రేబీస్ నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కల వలననే వచ్చుచున్నది. అనుమానాస్పదమైన జంతువు కాటుకు గురియగువారిలో పదింట నలుగురు పదునైదేండ్ల లోపు పిల్లలు. పిల్లలు కుక్కతో ఆడుకొందురు. చిన్న గాటు పడినచో తిట్లు తప్పవని ఇంటిలో చెప్పరు. కావున కుక్కపిల్లను తెచ్చిన బిడ్డను కోపగించుకొనక, "గోరు గాని, పన్ను గాని తగిలినదా?" అని మెల్లగా అడిగి తెలిసికొనుట తల్లిదండ్రుల మొదటి విధి.

చిన్న పిల్లకు రేబీస్ ఉండదను నమ్మకము పొరపాటు. తల్లి కుక్క గాని, వేరొక జంతువు గాని కరచియున్నచో పిల్లకును ఈ వ్యాధి రావచ్చును. ఎండకాలముననే కుక్కలకు పిచ్చి ఎత్తుననుటయు సరి కాదు. ఇది అన్ని ఋతువులలో వచ్చును. పిచ్చికుక్క నీటిని చూచి పారిపోవుననుటయు నిజము కాదు. జలభీతి మనుష్యులలో కనబడు లక్షణము.

ఎత్తుకొనుటకు ముందు

ఒంటరిగా కనబడిన ప్రతి కుక్కపిల్లయు అనాథ కాదు. తల్లి ఆహారమునకై పోయి యుండవచ్చును. కావున దూరమున నిలిచి కొన్ని గంటలు గమనింపవలెను. తల్లి తిరిగి వచ్చినచో పిల్లను దాని వద్దనే ఉండనిచ్చి, తల్లికి ఆహారమును, నీటిని అమర్చుట మేలు. పిల్లను తల్లి నుండి వేరుచేయుటకు రెండు నెలల వయస్సు తగినది. తల్లి చనిపోయినదని గాని, పిల్ల గాయపడినదని గాని, వాహనములు తిరుగు చోట చిక్కుకొన్నదని గాని తెలిసినప్పుడు మాత్రమే అంతకు ముందుగా చేరదీయవలెను.

ఎత్తునపుడు వట్టి చేతులతో పట్టుకొనరాదు. దళసరి తువ్వాలును గాని, గోనెపట్టాను గాని కప్పి, తల మన ముఖమునకు దూరముగా నుండునట్లు ఎత్తవలెను. గాయపడిన కుక్క నొప్పి వలన ఎంత సాధువైనను కరచును. పెద్దకుక్క దవడ వ్రేలాడుచు, చొంగ కారుచు, తూలుచు నడచినచో దాని దరికి పోరాదు. గొంతులో ఎముక చిక్కినదనుకొని నోటిలో చేయి పెట్టుట మిక్కిలి ప్రమాదకరము. అది రేబీస్ యొక్క మూగరూపమై ఉండవచ్చును. అట్టిచో పురపాలక సంఘమునకో, పశువైద్యశాలకో తెలియజేయవలెను.

గాయము లేని చర్మముతో కుక్కపిల్లను తాకినంతమాత్రమున, దానికి అన్నము పెట్టినంతమాత్రమున టీకా అవసరము లేదు. చేతులు సబ్బుతో కడుగుకొనిన చాలును. పాలపండ్ల గీత పడినచో మాత్రము దానిని కాటుగనే భావింపవలెను.

ఇంటికి వచ్చిన తొలి దినములు

తొలి దినముననే, లేదా మరునాడు, కుక్కపిల్లను పశువైద్యశాలకు కొనిపోవలెను. పశువైద్యుడు దాని వయస్సును అంచనా కట్టి, జ్వరము, గజ్జి, రక్తహీనత ఉన్నవేమో చూచును. కడుపులోని పురుగులను వెడలగొట్టు మందును, చర్మముపై పిడుదులను పోగొట్టు మందును ఇచ్చును. వీధిలో పుట్టిన పిల్లలకు ఏలికపాములును, కొంకిపురుగులును సాధారణముగా ఉండును. వీని గ్రుడ్లు మలము వెంట మట్టిలో చేరి, ఆ మట్టిలో ఆడుకొను శిశువులకు హాని చేయును. కావున ఈ మందు కుక్కకు మాత్రమే కాదు, ఇంటి బిడ్డలకును రక్షణయే.

కొన్ని దినములు కుక్కపిల్లను వసారాలో వేరుగా నుంచుట మంచిది. ఇంటిలో వేరొక కుక్క ఉన్నచో రెండింటిని కలుపరాదు. పిల్ల ఉత్సాహముగా నున్నదా, తినుచున్నదా, వాంతులు విరేచనములు కలవా అని గమనింపవలెను. నెత్తురుతో కూడిన విరేచనములు పార్వో అను వ్యాధికి గుర్తు. అది కనబడిన ఒక్క పూటయు జాగు చేయరాదు.

ఇచట ఒక సంగతి చక్కగా తెలిసికొనవలెను. పది దినములు కుక్క ఆరోగ్యముగా నున్నచో భయము లేదను మాట జనములో కలదు. ఆ లెక్క కరచిన కుక్కకు సంబంధించినది. కరచిన నాటికి చొంగలో రేబీస్ క్రిమి ఉన్నచో ఆ కుక్క సాధారణముగా పది దినములలో జబ్బుపడి మరణించును. కాని క్రిమి సోకి, ఇంకను మెదడును చేరని కుక్క నెలల తరబడి ఆరోగ్యముగా కనబడవచ్చును. కావున పుట్టుక తెలియని కుక్కపిల్లను తెచ్చిన పిదప ఆరు నెలల వరకు దాని నడవడిలో మార్పును కనిపెట్టుచుండవలెను. ఊరక అరచుట, కంఠస్వరము మారుట, కఱ్ఱలను రాళ్లను కొరుకుట, చీకటి మూలలలో దాగుట వంటివి కనబడినచో పిల్లలను దూరముగా నుంచి వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

ఆహారము

చాలమంది కుక్కపిల్లకు పాలే పరిపూర్ణాహారమని తలంతురు. ఆవుపాలు, గేదెపాలు కొన్ని పిల్లలకు పడక విరేచనములు కలిగించును. కన్ను తెరువని పిల్లకు పశువైద్యుడు చెప్పిన పాలపొడిని, ఆయన చెప్పిన కొలతతో రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా పట్టవలెను. పాలు పట్టునపుడు దానిని వెల్లకిల పరుండబెట్టరాదు. అట్లు చేసినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. ఆకలి కంటెను చలియే అంత చిన్న పిల్లను ముందుగా చంపును. వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన ఉంచవలెను.

నెల దాటిన పిల్లకు మెత్తగా ఉడికిన అన్నములో ఉడుకబెట్టిన కోడిగ్రుడ్డును గాని, ఎముకలు తీసిన మాంసమును గాని కలిపి దినమునకు మూడు నాలుగు మారులు పెట్టవచ్చును. శాకాహారుల ఇండ్లలో పెరుగన్నము, ఉడికిన పప్పు పెట్టవచ్చును. వీనితోపాటు తగిన పోషణకై పశువైద్యుని సలహా తీసికొనవలెను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు కుక్కలకు విషతుల్యములు. మన ఇండ్లలో మిగిలిన కూరలలో ఉల్లి తప్పక ఉండును గనుక ఎంగిలి కూరలను కుక్కకు పెట్టు అలవాటు మంచిది కాదు. వండిన కోడి ఎముకలు సూదుల వలె చీలి ప్రేగులను చీల్చును.

టీకాలు, శస్త్రచికిత్స

ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సులో పార్వో, డిస్టెంపర్ అను వ్యాధులకు టీకా ఆరంభించి, పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయింపవలెను. మూడు నెలల వయస్సున రేబీస్ టీకా వేయింపవలెను. పిదప వైద్యుడు చెప్పిన గడువున మరియొక మారును, ఆపై ఏటేటను వేయించుచుండవలెను. టీకా వేసిన తేదీని కార్డుపై వ్రాయించి భద్రపరచవలెను. ఆ కార్డే ఆ కుక్కకు జాతకము వంటిది. చాల నగరములలో పెంపుడు కుక్కకు పురపాలక సంఘపు లైసెన్సు తీసికొనవలసి యుండును. దానికిని ఈ కార్డు అవసరము.

రెండవ విధి సంతాన నిరోధక శస్త్రచికిత్స. ఆడకుక్క సుమారు రెండు నెలలు గర్భము మోసి ఒక్కొక్క ఈతలో పలు పిల్లలను కనును. ఒక కుక్కను చేరదీసి దాని పిల్లలను మరల వీధి పాలు చేసినవాడు చేసిన మేలును తానే చెరపుకొన్నవాడగును. శస్త్రచికిత్సకు తగిన వయస్సును పశువైద్యుడు నిర్ణయించును. ఆడకుక్కను ఒక్క ఈతయైనను ఈననీయవలెనను మాటకు వైద్యశాస్త్రములో ఆధారము లేదు.

వీధికుక్కలను తరచుగా చేరదీయువారును, పశువైద్యశాలలలో పనిచేయువారును కాటుకు ముందే తాము రేబీస్ టీకాలు వేయించుకొనుట మంచిది. మొదటి దినమును సున్నగా లెక్కించి, 7వ దినమున, 21వ లేక 28వ దినమున మరల వేయుదురు.

కాటు పడినచో

కుక్క కరచిన వెంటనే గాయమును ధారగా పడు నీటి క్రింద ఉంచి, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగవలెను. ఏలయన ఈ పదునైదు నిమిషములే క్రిమిని చాలవరకు తొలగించును. పిదప అయొడిను వంటి క్రిమినాశక ద్రావకమును రాయవలెను. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు, ఆకుపసరు గాయముపై పెట్టరాదు. కట్టు కట్టరాదు. మంత్రము వేయించుకొని ఊరకుండుట ప్రాణమునకే ముప్పు.

ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. నెత్తురు రాని చిన్న గీత యైనచో టీకాలు వేయుదురు. నెత్తురు వచ్చిన కాటు గాని, రక్కుడు గాని అయినచో, పుండును నాకినచో, కంటిలో నోటిలో చొంగ పడినచో టీకాలతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అను మందును గాయములోనికే ఎక్కింతురు. టీకా పనిచేయుటకు కొన్ని దినములు పట్టును. ఆ లోపల కాపాడునది ఈ మందు. చర్మపు పొరలో వేయు టీకాను మొదటి దినమును సున్నగా లెక్కించి 3, 7, 28వ దినములలో మరల వేయుదురు. కండలో వేయు పద్ధతిలో 3, 7, 14, 28వ దినములలో వేయుదురు. నొప్పి తగ్గినదని నడుమ మానరాదు. గర్భిణులును, శిశువులును ఈ టీకాలను నిర్భయముగా వేయించుకొనవచ్చును. కరచినది మన ఇంటి కుక్కయే యైనను, దానికి టీకా వేసియున్నను, వైద్యుని సలహా లేక ఊరకుండరాదు.

బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు గ్రుచ్చుదురను భయముతో కొందరు పెద్దలు నేటికిని ఆసుపత్రికి పోవుటకు జంకుదురు. ఆ భయము వట్టిది కాదు. ఒకప్పుడు గొఱ్ఱె మెదడు నుండి తీసిన టీకాను పొట్టపై వరుసగా వేయుచుండెడివారు. మన దేశములో ఆ టీకా 2004 చివరితో నిలిచిపోయినది. ఇప్పటి టీకాను భుజముపై కొలది మారులు మాత్రమే వేయుదురు. 1885 జూలై 6వ తేదీన పారిస్ నగరములో లూయీ పాస్చర్ తొమ్మిదేండ్ల బాలునికి మొదటి మారు వేయించిన టీకా నుండి నేటి వరకు ఈ చికిత్స ఎంతయో సుకరమైనది. దక్షిణదేశమున కూనూరులో 1907లో వెలసిన పాస్చర్ సంస్థ ఈ కృషిలో చిరకాలము పాలుపంచుకొన్నది.

వీధి మొత్తము చేయవలసిన పని

ఒక ఇల్లు ఒక కుక్కను చేరదీయగలదు. వీధిలోని కుక్కలన్నింటిని చేరదీయలేదు. అందులకు సమష్టి కృషి కావలెను. మద్రాసు నగరములో కుక్కలను పట్టి చంపు పద్ధతి వంద యేండ్లకు పైగా సాగినను వాని సంఖ్య తగ్గలేదు. వీధిలో చెత్త ఉన్నంతవరకు చనిపోయిన కుక్క చోటికి క్రొత్త కుక్క వచ్చుచుండును. ఆ నగరమున 1959లో నెలకొన్న బ్లూక్రాస్ సంస్థ 1964లో శస్త్రచికిత్స, టీకా పద్ధతిని మొదలుపెట్టెను. 1996లో నగరపాలక సంస్థ దానిని స్వీకరించెను. 2001లోను, మరల 2023లోను కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనలకు ఈ పద్ధతియే ఆధారము. శస్త్రచికిత్స జరిగిన కుక్కకు గుర్తుగా చెవి అంచును కొద్దిగా కత్తిరింతురు.

ఒక ప్రాంతములోని కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా వేసినచో రేబీస్ ఒక కుక్క నుండి మరియొక కుక్కకు ప్రాకుట ఆగిపోవును. 2030 నాటికి కుక్కల వలన వచ్చు రేబీస్‌ను దేశము నుండి తొలగింపవలెనను జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2021 సెప్టెంబరు 28న వెలువడినది. పాస్చర్ వర్ధంతి యగు ఆ తేదీయే ప్రపంచ రేబీస్ దినము. టీకాల శిబిరము జరుగు దినమున వీధి కుక్కను నమ్మకముగా పిలిచి పట్టుకొనగలవాడు దానికి రోజును ముద్ద పెట్టువాడే. కావున కుక్కకు అన్నము పెట్టువారు ఆ శిబిరములకు సహాయపడుట తమ ధర్మముగా నెంచవలెను. పిల్లలు ఆడుకొను చోటను, బడి గుమ్మము వద్దను అన్నము పెట్టరాదు. మిగిలిన ఆహారమును ఎత్తివేయవలెను.

చేరదీసిన దానిని విడిచిపెట్టరాదు

కుక్కపిల్లను తెచ్చుట ఒక్క క్షణపు పని. పెంచుట పది పండ్రెండేండ్ల పని. అద్దె ఇల్లు మారినపుడు, బిడ్డ పుట్టినపుడు, కుక్క ముసలిదైనపుడు దానిని దూరపు వీధిలో విడిచి వచ్చువారు కలరు. ఇంటి అన్నము తిని పెరిగిన కుక్కకు వీధిలో బ్రతుకు తెలియదు. ఇతర కుక్కల కాటుకు గురియై, ఆకలికి, వాహనములకు బలియగును. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ 1953లో ప్రవేశపెట్టిన బిల్లు ప్రేరణతో వచ్చిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, సరియైన కారణము లేక ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట నేరము. వీధికుక్కను దత్తత గొనదలచినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, అట్లు తీసికొన్న కుక్క మరల వీధికి రాకుండ చూచు బాధ్యత వారిదేననియు సర్వోన్నత న్యాయస్థానము 2025 ఆగస్టు 22వ తేదీ ఉత్తర్వులో తెలిపినది.

కావున తెచ్చుకొనుటకు ముందు కుటుంబమంతయు కూర్చుండి ఆలోచింపవలెను. పగటివేళ ఎవరు చూతురు? ఊరు వెళ్లినపుడు ఎవరికి అప్పగింతుము? టీకాలకు, మందులకు వ్యయము భరింపగలమా? వీనికి సమాధానము లేనిచో, ఆ పిల్లకు వైద్యము చేయించి, టీకా వేయించి, పెంపగలిగిన మరియొక ఇంటిని వెదకి ఇచ్చుటయు గొప్ప మేలే. నాటుకుక్క మన ఎండకు వానకు అలవాటుపడినది. వేల రూపాయలు పోసి కొన్న విదేశపు జాతి కుక్కకు చూపు శ్రద్ధ దీనికి చూపినచో విశ్వాసమున దేనికిని తీసిపోదు.

గుర్తుంచుకొనవలసినవి

1. తల్లి రాకకై వేచి చూచిన పిదపనే కుక్కపిల్లను ఎత్తుకొనవలెను.
2. ఇంటికి తెచ్చిన వెంటనే పశువైద్యునికి చూపవలెను.
3. మూడు నెలలకు రేబీస్ టీకా, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల, ఆపై ఏటేట టీకా వేయింపవలెను.
4. తగిన వయస్సున సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయింపవలెను.
5. కాటు పడినచో పదునైదు నిమిషములు సబ్బుతో కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.
6. టీకాల వరుసను నడుమ ఆపరాదు.
7. చేరదీసిన ప్రాణిని వీధిలో విడిచిపెట్టరాదు.

గడపలో నిలిచిన ఆ తల్లి తన బిడ్డను ఇక కసరవలసిన పని లేదు. కుక్కపిల్లపై పాత తువ్వాలు కప్పి వసారాలో ఉంచి, బిడ్డ చేతులు సబ్బుతో కడిగించి, గీతలేమైన పడినవేమో వెలుతురులో చూచి, ఉన్నచో ఆ పూటనే ఆసుపత్రికి కొనిపోయి, తెల్లవారినంతనే కుక్కపిల్లను పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. ఇంత చేసినచో ఆ ఇంటిలో దయయు నిలుచును, ఆరోగ్యమును నిలుచును.